బావ, రెండో లైను, పచ్చదీపాల పెట్టె

మా బావ నెట్‌వర్కులు చూసే మనిషి. వైరు కొన ముక్కు దగ్గర పెట్టుకుంటే చాలు, అది ఏ వీధిలో తెగిందో చెప్పేస్తాడు. అదంతా అబద్ధమని ఆయనే అంటాడు గానీ నేను ఒప్పుకోను. టెన్త్ మధ్యలో నేను బడిని వదిలించుకున్న దగ్గర్నుంచి ఆయన వెనక నిచ్చెన మోస్తున్నాను. నాకు తెలియదా?

ఏ పెట్టె ముందు కూర్చున్నా "ఏమ్మా, ఎలా ఉన్నావ్?" అని పలకరించందే పని మొదలుపెట్టడు. మా అక్కని మాత్రం అలా పలకరించిన దాఖలాలు లేవు. ఆవిడ సంగతి కూడా, నేను పనికి వెళ్లని రోజున ఫోన్ చేసి నన్నే అడుగుతాడు, "ఇంట్లో అంతా బాగేనా?" అని. "సూపర్, బావా!" అంటాను. ఇల్లు తగలబడుతున్నా అదే అంటాను. పనిలో ఉన్న మనిషిని కంగారు పెట్టకూడదు కదా.

అక్కది చేతులతో చేసే పని. చెవులు వినపడని వాళ్లకి వీడియో కాల్‌లో డాక్టర్ల మాటలు సైగలతో చెబుతుంది, వాళ్ల సైగలు డాక్టర్లకి మాటల్లో చెబుతుంది. ఆ రోజుల్లో వాళ్ల ఆఫీసు వీధంతా తవ్వుతున్నారు. పొక్లెయిన్ నడిపేవాడికి మా కేబుల్ మీద ఏ జన్మ పగో, వారానికోసారి తెంపేవాడు. ఒకసారి ఓ పెద్దాయనకి ఫలానా మాత్ర వేసుకోవద్దని అక్క చెబుతోంది. మాత్ర అన్నంతవరకూ వెళ్లింది, వద్దు అనేలోపు తెర బిగుసుకుపోయింది. పక్కింటివాళ్లకి ఫోన్ చేసి ఆయనకి చెప్పించేదాకా అక్కకి ముద్ద దిగలేదు.

ఇంతలో చెవులు వినపడని ఒకమ్మాయికి తొలి కాన్పు, ఆపరేషన్ చేయాలన్నారు. డాక్టర్లు మాస్కులు కట్టుకుంటారు కాబట్టి పెదాలు చూసి మాట పోల్చుకునే వీల్లేదు. అక్కే కావాలని అడిగిందట.

"మధ్యలో నా చేతులు ఆగిపోయాయంటే ఆ బల్ల మీద ఆ పిల్ల ఒంటరిదైపోతుందండీ" అంది అక్క.

బావ నిచ్చెన నా భుజానికెత్తాడు. అక్క ఆఫీసులో రెండో లైను పెట్టడానికి బయల్దేరాడు.

"ఇంకో కేబుల్ లాగేద్దాం బావా!" అన్నాను.

"అదే గుంటలోంచి లాగితే రెండూ కలిసే చస్తాయిరా బామ్మర్దీ. మేడెక్కు."

టవర్ నుంచి నెట్ అందుకునే యాంటెన్నా మేడ మీద బిగించింది నేనే. ఆ గాలికి నేను పక్క వీధిలో తేలాల్సింది, యాంటెన్నా నన్ను పట్టుకుంది కాబట్టి బతికాను. కింద బావ దాని తీగ తెచ్చి ఫైర్‌వాల్‌కి తగిలించాడు. ఆఫీసు నెట్ మొత్తానికీ కాపలా కాసే పెట్టె అది. మొదటి లైను చచ్చిపోతే రెండోదాని మీదికి మళ్లమని దానికి నేర్పాడు. మొదటి లైను తీగ ఫైర్‌వాల్ నుంచి పీకి చూశాడు. పరీక్షకని వీడియో కాల్‌లో కూర్చోబెట్టిన అక్క స్నేహితురాలు తెర మీద ఒక్క గుటక మింగేంతసేపు ఆగి, మళ్లీ కదిలింది. చప్పట్లు కొట్టాను.

అక్క మాత్రం కొట్టలేదు.

"ఏమండీ, మొన్న నెట్ పోయినప్పుడు నెట్ ఇచ్చే కంపెనీవాళ్లు పక్కన బిగించిన పెట్టె మీద దీపాలన్నీ పచ్చగానే వెలుగుతున్నాయి. మీరు పీకిన తీగ ఈ గదిలోది. తెగేది వీధిలో కదా?"

బావ ఆ పచ్చదీపాల పెట్టె దగ్గరికి గెంతాడు. ఆ పెట్టెకి బయటినుంచి వచ్చే కేబుల్ పీకాడు. తెర బిగుసుకుపోయింది. ఎంత చూసినా కదల్లేదు. మొదటి లైను బతికే ఉందని ఫైర్‌వాల్ ధీమాగా కూర్చుంది.

"లైనుందా అని ఇది ఎవర్ని అడుగుతోంది?" అంది అక్క.

"పక్కనున్న పెట్టెనే" అన్నాడు బావ, తల గోక్కుంటూ. "తీగ తగిలించి ఉన్నంతసేపూ అది ఉన్నాననే అంటుంది."

"అచ్చం మా తమ్ముడే! మీరు వీణ్ణి అడిగినట్టే అదీ దాన్ని అడుగుతోంది."

నేను మర్యాదగా కిటికీలోంచి బయటికి చూశాను.

ఇకనుంచి పక్కపెట్టెని కాదు, ఎక్కడో దూరాన ఉన్న యంత్రాల్ని అడగమని బావ ఫైర్‌వాల్‌కి మళ్లీ నేర్పాడు. జవాబు రాకపోతే ఆ దారి చచ్చినట్టే లెక్క. మళ్లీ పీకాడు. గుటకంతసేపు ఆగి, తెర కదిలింది. ఈసారి అక్క నవ్వింది.

కాన్పు రోజు అక్క అద్దాల గదిలో కూర్చుంది. బావా నేనూ బయట నిలబడ్డాం, అద్దానికి ముక్కులు ఆనించి. సరిగ్గా అప్పుడే వీధిలో పొక్లెయిన్ ఠక్కుమని ఆగింది, ఎవరో ఎవర్నో తిడుతున్నారు. అక్క చేతులు గాల్లో నిలిచిపోయాయి. బావ నా భుజం పట్టుకున్నాడు; ఆ వేళ్ల గుర్తులు ఇప్పటికీ ఉన్నాయి, కావాలంటే చూపిస్తాను.

చేతులు మళ్లీ కదిలాయి.

చాలాసేపటికి అక్క వెనక్కి వాలి, ముంజేత్తో కళ్లు తుడుచుకుంది.

"ఏమైందిరా?" అన్నాడు బావ.

"సూపర్, బావా!"

"నోర్ముయ్యి. నిన్నెవడడిగాడు?" అని ఆయనే తలుపు తోసుకుని లోపలికెళ్లాడు. "ఏమ్మా, ఎలా ఉన్నావ్?" అన్నాడు.

అక్క తెర వైపు తల ఊపి, చేతులతోనే జవాబు చెప్పింది. రెండు చేతులూ ఒడిలా కలిపి, మెల్లగా ఊపింది.