పత్యం డబ్బా మూత

నా చేతులకు సొరియాసిస్ వచ్చిన ఏడాది మా వాళ్ళందరూ వైద్యులైపోయారు. బాపట్లలో ఉండే మా అమ్మ వంకాయ, గోంగూర మానెయ్యమంది. మా చర్చిలో స్త్రీల సమాజం పెద్దావిడ ఎండుచేపలు, రొయ్యలు కొట్టేసింది. పక్కింటాయన చింతపండు వద్దన్నాడు, ఆయన భార్య కోడిగుడ్డు వద్దంది. మా హెడ్మాస్టరు గారు పాలు విషమని చెప్పారు, చెబుతూనే టీ తాగారు. అందరి జాబితాలూ కలిపి చూసుకుంటే నాకు మిగిలింది కాచి చల్లార్చిన నీళ్ళు. అవైనా రాగిచెంబులో పోసుకు తాగమన్నారు.

తెనాలిలో నేను చూపించుకునే చర్మం డాక్టరమ్మ మాత్రం పత్యం ఊసెత్తలేదు. పూతమందు రాసిచ్చి, ఇది ఒకరి నుంచి ఒకరికి అంటుకునేది కాదని రెండుసార్లు చెప్పింది. తిండి సంగతి నేనే అడిగాను. ఏది తింటే దురద ఎక్కువవుతోందో గమనించి అది తగ్గించుకోమంది. వేపుళ్ళు, కారాలు తగ్గించి ఆకుకూరలు తినమంది, మందు మాత్రం మానొద్దంది. ఆమె మాట పూర్తిగా నమ్మాను. అయినా వంకాయ మానేశాను, ఎందుకంటే మా అమ్మ రోజూ ఫోన్ చేస్తుంది, డాక్టరమ్మ చెయ్యదు.

నేను ఉండేది తెనాలి, పాఠాలు చెప్పేది రేపల్లెలో. పొద్దున్నే రైలు అందుకోవాలి కాబట్టి వంటకు నా దగ్గరుండేది ఇరవై నిమిషాలు. అంతలో అయ్యే పొంగలి ఒకటి తంటాలు పడి కుదుర్చుకున్నాను. పడుకునే ముందు కొర్రలు నానబెట్టుకోవాలి. పొద్దున్న వాటిలో పెసరపప్పు, పసుపు, అల్లం ముక్క, రెండు గుప్పెళ్ళ మునగాకు వేసి కుక్కర్ పెట్టాలి. మూడు విజిల్స్ వచ్చేసరికి నా జడ అయిపోతుంది. ఆవిరి దిగేలోపు చీర కట్టుకోవడం అయిపోతుంది. మూత తీసి మిరియాల పొడి, చెంచాడు నువ్వుల నూనె కలిపితే పని అయినట్టే. చూడటానికి గోడకు పూసేదానిలా ఉంటుంది గాని, తింటే అంత ఘోరంగా ఉండదు. ఆరు నెలలకు దురద కొంత తగ్గింది. అది పొంగలి వల్లో, పూతమందు వల్లో, ఎండుమిరపకాయ మానినందువల్లో నాకు తెలియదు. అమ్మ మాత్రం వంకాయ వల్లేనని తేల్చేసింది.

మా రైల్లో ఒక పద్ధతి ఉంది. టీచర్లం, గుమాస్తాలం, ఏడెనిమిది మంది ఆడవాళ్ళం ఎదురెదురు సీట్లలో కూర్చుంటాం. బండి తెనాలి దాటగానే టిఫిన్ డబ్బాలు తెరుస్తాం. ఎవరి టిఫిన్ వాళ్ళు తినడం ఉండదు. ఒకరి ఇడ్లీ మరొకరి పచ్చడితో, ఒకరి ఉప్మా ఇంకొకరి ఆవకాయ ముక్కతో అయిపోతుంది, డబ్బాలు ఒళ్ళోంచి ఒళ్ళోకి తిరుగుతుంటాయి. నా పులిహోర వేమూరు రాకముందే అయిపోయేది. ఆ విషయంలో నాకు కాస్త గీర ఉండేదని ఒప్పుకోవాలి.

పొంగలి మొదలుపెట్టిన కొత్తలో ఒకరోజు డబ్బా తెరిచి, ఎదుటి సీటులో కూర్చునే బయాలజీ మేడం వైపు చాచాను. ఆవిడ పాఠాలు చెప్పేదీ రేపల్లెలోనే, స్కూలు వేరు. ఏ రోగం అంటుకుంటుందో ఏది అంటుకోదో పిల్లల చేత పట్టిక వేయించే మనిషి. ఆవిడ చెయ్యి సగం దూరం వచ్చింది. నా వేళ్ళ మీద పొట్టు లేచిన చోటు చూసి ఆగింది. ఒక్క క్షణమే. ఇంకొంచెం ఆగితే తీసుకునేదేమో. నేను ఆగలేదు.

"పత్యం తిండండి, మీరు తినలేరు" అని మూత పెట్టేశాను.

ఆ మూత ఇంకొకరి కోసం రెండేళ్ళు తెరుచుకోలేదు. పత్యం చేసేవాళ్ళ తిండిలో చెయ్యి పెట్టకూడదు, వాళ్ళను మన తిండి తినమని బలవంతపెట్టకూడదు. అది మర్యాద. ఆ మర్యాద నాకూ వాళ్ళకూ చక్కగా సరిపోయింది. డబ్బాలు నన్ను దాటుకుని వెళ్ళేవి. నేను కిటికీ వైపు తిరిగి, వరిచేలు ఎప్పుడూ చూడనిదానిలా చూస్తూ తినేదాన్ని. లోపల మాత్రం ఏడుపొచ్చేది. నా చేతి వంట మళ్ళీ ఎవరైనా ఒక ముద్ద తింటే చాలనిపించేది. ఎవరైనా సరే, ఆవిడ తప్ప.

ఈ ఏడాది ఎండాకాలంలో బయాలజీ మేడం పొడుగు చేతుల జాకెట్లు వేసుకురావడం మొదలుపెట్టింది. అందరూ కొత్త ఫ్యాషన్ అనుకున్నారు. ఒక సాయంత్రం తిరుగు రైల్లో మా చుట్టూ ఎవరూ లేనప్పుడు నా పక్కకొచ్చి కూర్చుని జాకెట్టు చెయ్యి పైకి లాగి చూపించింది. మోచేతి దగ్గర మొదలైన పొట్టు ఆ వారమే వేళ్ళ కణుపులదాకా దిగింది. డాక్టరు రోగం పేరు చెప్పాడట, నాదీ అదేనని ఆవిడకు తెలుసు. నేను వండుకునేది ఎలా చేస్తానో చెప్పమని అడిగింది.

నాకు సంతోషం వేసింది. ప్రతి ఆదివారం గుళ్ళో పాపాలన్నీ ఒప్పుకుంటాను గాని, టోకుగానే ఒప్పుకుంటాను. ఈ సంతోషాన్ని విడిగా ఎప్పుడూ చెప్పలేదు. ఆవిడకు మునగాకు ఎంతో, పసుపు ఎంతో, విజిల్స్ ఎన్నో అన్నీ వివరంగా చెప్పాను. కొర్రలు ముందే నానబెట్టాలని మాత్రం చెప్పలేదు.

మర్నాడు బండి కదలగానే ఆవిడ డబ్బా తెరిచి మొదట నా వైపే చాచింది. నేను చెప్పిన పొంగలేనట, ఎందుకో పలుకుగా ఉందట. డబ్బా అంచు పట్టుకున్న వేళ్ళ మీద పొట్టు లేచి ఉంది. నా చెయ్యి ముందుకెళ్ళింది. సగం దూరంలో ఆగింది.

అంటుకోదని డాక్టరమ్మ రెండుసార్లు చెప్పింది నాకే. ఆ రోగం నాకు ముందునుంచే ఉంది, కొత్తగా అంటుకోవడానికి ఏమీ లేదు. అయినా ఆగింది.

ఆవిడ చూసింది. "పర్లేదండి, పత్యం తిండేగా" అంటూ మూత అందుకుంది.

నేను ఆ మూత లాక్కుని నా ఒళ్ళో పెట్టుకున్నాను. చేత్తోనే ఒక ముద్ద తీసుకుని నోట్లో పెట్టుకున్నాను. పళ్ళ కింద కొర్రలు కంకరలా కరకరలాడాయి. అంతా నమిలి మింగాను.

"రాత్రే కొర్రలు నానబెట్టాలండి. నిన్న చెప్పలేదు" అన్నాను.

"మర్చిపోయారా?"

"లేదండి."

ఆవిడ వంగి, నా ఒళ్ళో ఉన్న నా పొంగలి డబ్బా మూత తనే తీసి, ఒక ముద్ద తిన్నది. ఉప్పు తక్కువైందని చెప్పి ఇంకో ముద్ద తీసుకుంది. పక్క సీటులోని గుమాస్తా అమ్మాయి అదేంటండి అని తనూ చెయ్యి చాచింది.

వేమూరు రాకముందే నా డబ్బా ఖాళీ అయింది.