అజ్మాన్ గదిలో ఓడ కిటికీ

మా ఇంట్లో వాషింగ్ మెషీన్ తలుపు మూసినప్పుడు వచ్చే 'టక్' అనే చప్పుడు, దానికి ముందు లోపల్నుంచి తడి బట్టలదీ సబ్బు పొడిదీ కలిసి మొహానికి తగిలే చల్లటి వాసన, ఇప్పటికీ నన్ను ఉన్నచోటే నిలబెట్టేస్తాయి. మిగతా అందరికీ అది ఉతికిన బట్టల వాసన, నాకు మాత్రం ఓడ ప్రయాణం వాసన. పందొమ్మిదేళ్లు నిండని పిల్లకు అప్పుడే బాల్య స్మృతులేంటని మా అమ్మ నవ్వుతుంది గానీ, బాల్యం పోవడానికి ముసలితనం రానక్కర్లేదు, ఇల్లు మారితే చాలు. మాది అలాగే పోయింది.

అప్పట్లో మేం దుబాయ్ పక్కనున్న అజ్మాన్‌లో ఒక పాత భవనం మూడో అంతస్తులో ఉండేవాళ్లం. రెండు పడక గదుల ఫ్లాటులో ఒక గది మాది, రెండో గది ఖాదర్ మామది, ఆయనతోపాటు ఉండే మరో ఇద్దరిది. ఖాదర్ మామ మాకు చుట్టమేమీ కాదు, రాయచోటి మనిషి, జెబెల్ అలీ రేవు దగ్గర గోదాములో పని, అయినా పొద్దున్నే కంపెనీ బస్సు ఎక్కే ముందు మా గుమ్మం దగ్గర ఆగి "పాప తినిందా?" అని అడక్కుండా మెట్లు దిగేవాడు కాదు. వంటిల్లు అందరిదీ కావడం వల్ల ఒకే పొయ్యి మీద పొద్దున మా అమ్మ ఉప్మా, మధ్యాహ్నం ఎవరిదో పప్పు, సాయంత్రం ఖాదర్ మామ వెల్లుల్లి వేసి మాడ్చే తాలింపు ఒకదాని తర్వాత ఒకటి వాసనలు వదిలి వెళ్లేవి, ఏసీ కింద పెట్టిన బకెట్టులో నీళ్లు చుక్కలు చుక్కలుగా పడుతూ ఉండేవి, ఆ బకెట్టు నిండిందో లేదో చూడటం పన్నెండేళ్ల వయసులో నా ఉద్యోగం.

అమ్మది భీమవరం పక్క పల్లె, ఆస్పత్రిలో నర్సు. నాన్నది నర్సాపురం, వడ్రంగి. ఆయన తాత గోదావరి మీద తిరిగే పడవలు కట్టిన మనిషట, ఆ రక్తం ఊరుకోలేదో ఏమో, దుబాయ్ వచ్చాక నాన్న చేతికి కూడా చివరికి ఓడే తగిలింది. ఒకప్పుడు మహాసముద్రాలు దాటి, ఇప్పుడు రేవులో కట్టేసి ఉన్న పాత ప్రయాణికుల ఓడను హోటల్‌గా మారిస్తే, అందులో గదుల చెక్కపని బాగుచేసే కాంట్రాక్టరు దగ్గర నాన్న రెండేళ్లు పనిచేశాడు. సాయంత్రం ఆయన గుమ్మంలోకి రాగానే వార్నిషు వాసన ముందుగా వచ్చేది, చెవి మీద పెన్సిలు అలాగే ఉండేది. మామూలుగా నోట్లో నాలుక లేని మనిషి, కంచం ముందు కూర్చుని ఓడ గురించి మొదలుపెడితే మాత్రం పెరుగన్నం ఎండిపోయేదాకా ఆపేవాడు కాదు.

ఆ ఓడలో మంచాలకు అంచున జానెడు గట్టు ఉంటుందని, అల కొట్టినప్పుడు మనిషి దొర్లి కింద పడకుండా అడ్డమని, బల్లల చుట్టూ కట్టె పట్టీ ఉంటుందని, సూపు గిన్నె జారి ఒళ్లో పడకుండా అని, బీరువా తలుపులు వాటంతటవి తెరుచుకోకుండా కొక్కేలుంటాయని, పైబెర్తు పగలంతా గోడలోకి మడిచి ఉంటుందని, దాన్ని ఎక్కడానికి పెట్టిన నిచ్చెన మెట్లకు తివాచీ గుడ్డ చుట్టి ఉంటుందని మాకు కళ్లకు కట్టినట్టు చెప్పేవాడు. గొప్పవాళ్ల క్యాబిన్లు పై అంతస్తుల్లో, సముద్రం కనబడేటట్టు ఉండేవట. మామూలువాళ్లవి కింద, కొన్నింటికి కిటికీయే లేదు. మంచం పక్కన బొత్తాం నొక్కితే స్టూవర్డు, అంటే క్యాబిన్ల పనివాడు, వచ్చి ఏం కావాలని అడిగేవాడట. బూట్లు తలుపు బయట పెడితే తెల్లారేసరికి మెరుస్తూ ఉండేవట.

"మరి కిటికీ లేనోళ్లు పొద్దయ్యిందని ఎలా తెలుసుకుంటారు నాన్నా?" అని అడిగాను ఒకసారి.

"టీ వస్తాది కదే, దాన్ని బట్టి తెల్సుకుంటారు" అన్నాడు నాన్న.

అంత నమ్మకంగా చెప్పాడు, నిజమో కల్పించాడో నేటికీ నాకు తెలియదు.

తర్వాత కరోనా వచ్చింది. హోటల్ మూసేశారు, నాన్న పని ఆగిపోయింది, అమ్మ పని మాత్రం రెట్టింపయ్యింది. ఆమెను కరోనా రోగుల వార్డులో వేశారు. డ్యూటీ నుంచి వచ్చాక ఆమె మా దగ్గరకు రాకూడదు, మేం ఆమెను ముట్టుకోకూడదు, ఉన్నదేమో ఒక్క గది. నాన్న రెండు రోజులు చెవి మీద పెన్సిలు పెట్టుకుని గోడలు కొలిచాడు. గోదాములో సరుకు దిగాక మిగిలిపోయిన పెట్టెల పలకలను ఖాదర్ మామ తన పై అధికారిని, అదే ముదీర్‌ను అడిగి తెచ్చిపెట్టాడు. గుమ్మం దగ్గరే దారి రెండుగా చీలేట్టు నాన్న గదికి అడ్డంగా పలకల గోడ కట్టాడు: కిటికీ, బాత్రూము ఉన్న ఎడమవైపు అమ్మకు, చీకటిగా ఉన్న కుడివైపు నాన్నకు, నాకు, చెల్లికి. మాది కిటికీ లేని క్యాబిన్ అయిపోయింది. ఆ గోడకు నా మెడ ఎత్తున నాన్న ఒక గుండ్రటి కన్నం కోసి, ఎవరో చెత్తకుండీ పక్కన వదిలేసిన పాత వాషింగ్ మెషీన్ తలుపును కడిగి, తుడిచి, సందుల్లో రబ్బరు కూరి అందులో బిగించాడు. అమ్మవైపు వెలుతురు ఆ గాజులోంచి గుండ్రంగా వచ్చి మా నేల మీద పడింది.

మొదటిరోజు అమ్మ డ్యూటీ నుంచి వచ్చి, స్నానం చేసి, ఆ గాజు దగ్గర మొహం పెట్టి నవ్వింది. మా చెల్లి చంటికి అప్పుడు నాలుగేళ్లు. పిట్ట కొంచెం, కూత ఘనం. అది ఒక్క కేక పెట్టింది, ఖాదర్ మామ పరిగెత్తుకుంటూ వచ్చాడు. ఎంత అడిగినా చెప్పదు, ఏడుస్తూనే ఉంది. చివరికి వెక్కిళ్ల మధ్య, "అమ్మని మిషన్లో పెట్టేశారు, తిప్పేస్తారు" అంది.

నాకు నవ్వొచ్చింది. నాన్నకు రాలేదు. ఆ పూట చంటి అన్నం ముట్టలేదు, మర్నాడూ ముట్టలేదు. అమ్మ గాజు అవతల నిలబడి బతిమాలుతోంది, మాటలు సరిగా వినబడటం లేదు, ఆమెను చూసినకొద్దీ ఇది ఇంకా గట్టిగా ఏడుస్తోంది. రెండో రోజు సాయంత్రానికి పిల్ల వడిలిపోయి నా ఒళ్లో పడుకుంది. అప్పుడు నాన్న దాని పక్కన నేల మీద కూర్చున్నాడు.

"ఒసే చంటీ, అది మిషను కాదే. ఓడ కిటికీ. అమ్మ పైక్లాసులో ఎక్కింది, మనకి కింద క్లాసే దొరికింది. ఓడ ఒడ్డుకి చేరేదాకా ఎవరి క్యాబిన్లో ఆళ్లుండాలి."

"ఓడేదీ?" అంది చంటి.

ఆ ఒక్క ప్రశ్నకు జవాబుగా నాన్న మరో పది రోజులు పనిచేశాడు. మా మంచానికి గట్టు కట్టాడు. దాని పైన మడిచే బెర్తు అమర్చి, నిచ్చెన మెట్లకు నా పాత చున్నీ చుట్టాడు. బల్లకు కట్టె పట్టీలు కొట్టాడు, గ్లాసు కదలకుండా పలకలో గుంట తొలిచాడు. నన్ను స్టూవర్డును చేశారు. చంటి బొత్తాం నొక్కితే, అంటే గోడకు అంటించిన పాలసీసా మూత మీద వేలు పెడితే, నేను తలొంచి ఏం కావాలమ్మగారూ అని అడగాలి. ఆ పిల్ల ఆడింది ఆట, పాడింది పాట. పైబెర్తు కూడా దానికే. నిజం చెప్పొద్దూ, నాకు ఒళ్లు మండేది. అమ్మ కావాలని ఏడ్చే హక్కు నాలుగేళ్లవాళ్లకే ఉంటుందా, పన్నెండేళ్లవాళ్లకు ఉండదా అనుకునేదాన్ని, పైకి మాత్రం అనేదాన్ని కాదు.

చంటి తినడం మొదలుపెట్టింది, ఒక షరతు మీద. తిన్నాక ఖాళీ పళ్లెం తీసుకెళ్లి గాజుకు ఆనించి అమ్మకు చూపించాలి, అమ్మ చూసినట్టు గాజు మీద వేలి కణుపుతో రెండుసార్లు తట్టాలి. అందడానికి నేను దాన్ని ఎత్తుకునేదాన్ని. అలా పూటపూటా సాగింది. ఈస్టర్‌కు నాన్న కోడికూర, కొబ్బరన్నం వండి మెనూ కాగితం రాసి అమ్మవైపు తలుపు కింద నుంచి లోపలికి పంపాడు, ఆమె దాని వెనక 'వంటవాడికి ఉప్పు కాస్త తగ్గించమని చెప్పండి' అని రాసి తిప్పి పంపింది. రంజాన్ వచ్చాక ఖాదర్ మామ ఇఫ్తారు వేళకు గంజి గిన్నె, నాలుగు ఖర్జూరాలు మా గుమ్మంలో పెట్టి "ఓడోళ్లకు గంజి వచ్చిండాది" అని కేకేసి పోయేవాడు. బయట వీధులు ఖాళీ, ఎండ ముదురుతోంది, తలుపు సందుల్లోంచి సన్నటి ఇసుక వస్తోంది, లోపల మేం సముద్రం మీద ఉన్నాం. ఇలా రాస్తే ఎవరైనా ఏమనుకుంటారో గానీ, నా జీవితంలో అంత బాగున్న రోజులు తక్కువ.

ఆ రోజుల్లోనే అమ్మకు జ్వరం వచ్చింది. పరీక్ష చేస్తే కరోనా అన్నారు. తన వాలకం పిల్లలు చూడకూడదని అమ్మ గాజుకు అవతలివైపు తువ్వాలు వేలాడదీసింది. తుఫానొస్తే ఓడ కిటికీలకు ఇత్తడి మూతలు వేసేస్తారని నాన్న చంటికి చెప్పాడు. అది నమ్మింది. నేను నాన్న చేతులు చూశాను, పెన్సిలు పట్టుకుని ఊరికే తిప్పుతున్నాడు.

తువ్వాలు వేసినా చంటి పళ్లెం చూపించడం మానలేదు. తువ్వాలు వెనక నుంచి టక్ టక్ అని రెండు దెబ్బలు వినబడేవి. ఒక్కోసారి చాలాసేపటికి వినబడేవి. అవి చంటికి అన్నం తిన్నందుకు మెప్పు, నాకు అమ్మ బతికే ఉందన్న కబురు. నాలుగో రోజు మధ్యాహ్నం అవి రాలేదు. చంటిని ఎత్తుకున్న నా చేతులు లాగేస్తున్నాయి, పళ్లెం మీద మెతుకు ఎండిపోతోంది. నాన్న మాస్కు కట్టుకుని అటు వెళ్లొచ్చి, "పడుకుంది, అంతే, ఊపిరి బాగానే ఆడతంది" అన్నాడు. నేను నమ్మలేదు. వంటింట్లోకి పోయి, కొళాయి తిప్పి, ఆ నీళ్ల చప్పుడులో ఏడ్చాను. ఖాదర్ మామ వచ్చి చూసి, కొళాయి కట్టకుండానే వెనక్కి వెళ్లిపోయాడు. సాయంత్రం చంటి మధ్యాహ్నం పళ్లేన్నే మళ్లీ తెచ్చి గాజుకు పెట్టింది. రెండు దెబ్బలు వినబడ్డాయి.

తర్వాత రెండు వారాలకు, పరీక్షల్లో ఏమీ లేదని తేలాక, ఒక ఉదయం తువ్వాలు పక్కకు జరిగింది. అమ్మ చిక్కిపోయి ఉంది. మెషీన్ తలుపు గొళ్లెం టక్ మంది, అది అసలు తెరుచుకుంటుందన్న సంగతే అప్పటిదాకా నాకు తట్టలేదు. ఆ గుండ్రటి కన్నంలోంచి సబ్బు వాసనతో అమ్మ చెయ్యి మోచేతిదాకా ఇటు వచ్చింది. అందరికంటే ముందు నా తల మీదే పడింది. చంటి కింద నుంచి గెంతుతోంది, నేను దాన్ని ఎత్తుకోలేదు, కాసేపు ఎత్తుకోలేదు.

ఇప్పుడు మేం రెండు గదుల అద్దె ఇంట్లో మేమే ఉంటున్నాం. ఆ పాత ఫ్లాటు ఖాళీ చేసేటప్పుడు ఇంటివాళ్లు పలకల గోడ తీసేయమంటే నాన్నే తన చేత్తో విప్పాడు, మెషీన్ తలుపును దొరికినచోటే, చెత్తకుండీ పక్కనే పెట్టొచ్చాడు. ఖాదర్ మామ ఖలాస్, ఇక్కడి పని అయిపోయింది అని రాయచోటి వెళ్లిపోయాడు, పండగలకు ఫోను చేసి ఇప్పుడు కూడా పాప తినిందా అనే అడుగుతాడు. మంచాలకు గట్టు లేదు, పక్కింటివాళ్ల తాలింపు వాసన రాదు.

మొన్న క్రిస్మస్‌కు నాన్న మమ్మల్ని ఆ పాత ఓడకు తీసుకెళ్లాడు. తాను బాగుచేసిన క్యాబిన్ చూపించి, మంచం గట్టు మీద అరచెయ్యి వేసి ఈ చివర నుంచి ఆ చివరదాకా నిమిరాడు. చంటికి ఇప్పుడు పదేళ్లు. అంతా ఒకసారి చూసి, "ఇంత ఇరుగ్గా ఎలా ఉండేవాళ్లో" అంది. అజ్మాన్ గది గుర్తుందా అని అడిగాను.

"ఏసీ నీళ్లు కారేది, అదే కదా?" అంది ఫోను చూసుకుంటూ.

అంతే మిగిలింది కాబోలు అనుకున్నాను. భయం గుర్తులేకపోవడం మంచిదే, కానీ దానితోపాటు ఓడ కూడా పోయిందని నాకు దిగులేసింది. అదంతా మోసినందుకు నాకు తోడుగా ఎవరో ఒకరికి గుర్తుండాలని ఉంటుంది కదా.

తర్వాత డెక్కు పక్కనున్న హాలులో గుండ్రటి కిటికీ దగ్గర కూర్చుని కేకులు తిన్నాం. అమ్మ రేవు చూసొస్తానని బయటికి వెళ్లింది. తిరిగొస్తూ, మేం ఎక్కడున్నామో కనబడక, మా కిటికీ దగ్గర ఆగి, కళ్ల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని గాజులోంచి లోపలికి వంగి చూసింది. నేను చెయ్యి ఊపబోయాను. ఈలోగా చంటి ఫోను బల్ల మీద పెట్టి, తన కేకు పళ్లెం తీసుకుని, పొడి రాలిపోతున్నా పట్టించుకోకుండా నిలువుగా ఎత్తి గాజుకు ఆనించింది.

అమ్మ కళ్ల మీద అడ్డం పెట్టుకున్న చెయ్యి దించింది. తర్వాత అటువైపు నుంచి వేలి కణుపుతో రెండుసార్లు తట్టింది.