మల్లన్న సాక పోసిన బెల్జియం బీరు

ఎల్లారెడ్డి, లింగంపేట, కామారెడ్డి ప్రజలకు తెలియజేయునది ఏమనగా: నేటి నుండి మీసం మీది బీరు నురుగును ఎడమచేత్తో మాత్రమే తుడుచుకోవలెను. కుడిచేత్తో తుడుచుకున్నవారికి రెండో గ్లాసు ఇవ్వబడదు. ఈ శాసనం చేయడానికి నాకేం అధికారం ఉందంటారా? మొన్న కామారెడ్డిలో బెల్జియం తరహా బీరు తాగి వచ్చాను. అది చాలదా?

ఈ ప్రయాణం సుజాత ఫోనుతో మొదలైంది. సుజాత మా ఎల్లారెడ్డి మల్లన్న కూతురు. మల్లన్న మీసాలు రానప్పటి నుంచి తాటిచెట్లెక్కి కల్లు గీస్తున్నాడు. ఆ పిల్ల హైదరాబాదులో బీరు తయారీ నేర్చుకుని, ఇప్పుడు కామారెడ్డి అవతల హైవే పక్కనున్న చిన్న బ్రూవరీలో పనిచేస్తోంది. బెల్జియం పల్లెల్లో పొలం పనివాళ్ల దాహం కోసం చేసుకునే రకం బీరును కొత్తగా తయారుచేసింది. తండ్రి మాత్రం ఆమె చేసిన బీరు ఇంతవరకు ముట్టలేదు. చెట్టు లేని కల్లేంది అని ఆయన పంతం. "ఊరంత మెచ్చినా బాపు నోట్ల పడకుంటే నేను చేసినట్టే లేదు కాకా. ఎట్లన్న చేసి తోల్కరా" అంది సుజాత.

నిజం చెబితే మల్లన్న కదలడు. అందుకని కామారెడ్డిలో కొత్తరకం మోకులు వచ్చాయన్నాను. చెట్టెక్కేటప్పుడు నడుముకు చుట్టుకునే తాడే మోకు. ఆ మాట వింటే ఆయన చెప్పులు కూడా వెతుక్కోడు. తొమ్మిదిన్నర బస్సెక్కాం. లింగంపేట మీదుగా గంటకు పైనే పడుతుంది, టికెట్టు అరవై లోపే. ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం, మగవాళ్లకు నిలబడటం ఉచితం. దారి పొడుగునా వరి, మక్కజొన్న. మల్లన్న అవేవీ చూడడు, తాటిచెట్టు కనబడితే మెడ తిప్పుతాడు.

కామారెడ్డి బస్టాండు బయట మిర్చి బజ్జీలు తిని ఆటో మాట్లాడాను.

"బీరు దుకానానికా అన్నా?" అని డ్రైవరు ఊరంతా వినబడేలా అడిగాడు.

"మోకుల దుకానం లేదానే, గక్కడికి" అని కన్నుకొట్టాను.

"ఔ ఔ, మస్తు మోకులుంటయ్ ఆడ" అన్నాడు వెంటనే. వంద అడిగితే బేరమాడకుండా ఇచ్చాను, అబద్ధానికీ కలిపి.

లోపల మనిషికి రెండింతల ఎత్తు స్టీలు ట్యాంకులు.

"మోకులేవిరా?" అన్నాడు మల్లన్న.

"గవే చెట్లు. ఎక్కు."

"నీ తెలివి తగలబడ!" అని గిర్రున తిరిగాడు. తలుపు దగ్గర సుజాత గ్లాసు పట్టుకుని నిలబడి ఉంది. బిడ్డను తోసుకుని పోలేక, వచ్చి కూర్చున్నాడు.

బీరు లేత బంగారు రంగులో, కాస్త మసకగా ఉంది. వాసన చూస్తే మిరియాలు, నిమ్మతొక్క గుర్తొచ్చాయి. నాలుక మీద తీపి నిలవదు, చిన్న పులుపు తగిలి గొంతు మళ్లీ అడుగుతుంది. గ్లాసు మూడు వందల పైమాటే, కాబట్టి మెల్లగా తాగండి.

మల్లన్న చాలాసేపు నురుగు వైపే చూశాడు. తర్వాత గ్లాసు వంచి, మెరిసే బండల మీద ఇంత పోశాడు. మా ప్రాంతం వాడు కాని సర్వరు గుడ్డ పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. "అయ్యో సార్, బాగాలేదా? మార్చి తెస్తాను!"

"తుడవకు. గట్లనే ఉండనీ" అంది సుజాత. గబగబా ట్యాంకుల వెనక్కి వెళ్లిపోయింది.

మా దగ్గర కల్లు తాగేముందు నేల మీద కొంచెం పోస్తారు. దాన్ని సాక అంటారు. ముందు ఎల్లమ్మ తల్లికి, ఆ తర్వాతే మనకు. పెళ్లిళ్లలో సీసా బీరు ఎంత తాగినా మల్లన్న ఏనాడూ దానికి సాక పోయలేదు. అది సుజాతకు తెలుసు.

గ్లాసు ఖాళీ చేసి, "చెట్టు లేకున్నా గిది కల్లుకు చెల్లెలేరా" అన్నాడు మల్లన్న. ఆ మాట మోసుకుని నేను ట్యాంకుల వెనక్కి ఉరికాను. సుజాత చున్నీతో మొహం తుడుచుకుని, బయటికొచ్చి, గోడ మీది నల్లబోర్డు మీద సుద్దముక్కతో ఆ మాటే రాసింది.

ఆ బీరు అచ్చం బెల్జియంలోలాగే ఉందా అని నన్నడగకండి, నేను పడమటికి పోయింది నిజాంసాగర్ దాకానే. తెలిసింది ఒకటే. మల్లన్న మింగలేకపోయింది బీరును కాదు. తన చెట్టుతో బిడ్డకు పని లేకుండా పోయిందన్న సంగతిని. గ్లాసులో తన కల్లు పులుపే తగిలేసరికి ఆ ముడి కొంచెం వదులైనట్టుంది. మీరు వెళ్లేటట్టయితే బండి తీసుకుపోకండి, బస్సులో పోయి బస్సులోనే రండి. ఈ రకం కొద్దికొద్దిగానే చేస్తారు కాబట్టి ముందే ఫోను చేసి, ఉందో లేదో కనుక్కోండి.

ఇక ఒక సంగతి ఒప్పుకోవాలి. 'కల్లుకు చెల్లెలు' అన్న మాట మల్లన్నది కాదు, నేను కల్పించింది. ఆయన ఖాళీ గ్లాసు ముందుకు జరిపి "ఇంకింత పొయ్యమను" అన్నాడు, అంతే. తిరుగు బస్సులో లింగంపేట దాటాక నన్ను పొడిచాడు. "గట్లన్నవా బాపూ అని బిడ్డ అడిగిందిరా. నేనెప్పుడన్న?"

"మరి అనలేదని చెప్పినవా?"

కిటికీలోంచి ఒక తాటిచెట్టు వెనక్కి పోయేదాకా చూసి అన్నాడు. "లే. ఔనన్న."