మంజులక్క గొంతు పోయిందన్నది నేనే

నాలుగేళ్లు ఒక అబద్ధాన్ని మోశాను. ఈ మధ్యాహ్నం దాకా ఇంట్లో కూడా ఎవరికీ తెలియదు. ఇప్పుడు మీకు చెబుతుంటే మాటలు తోసుకొస్తున్నాయి. భయమో, ఉత్సాహమో!

నేను ఫిల్మ్‌నగర్‌లో డబ్బింగ్ చెబుతాను. పిలిచిన రోజే పని. యూసుఫ్‌గూడలో ఉండే మంజులక్కదీ అదే వృత్తి. ఇద్దరం కలిసి మాలాంటి ఆడవాళ్ల కోసం ఒక వాట్సాప్ గ్రూపు పెట్టాం. ఎంత సంబరమో అప్పుడు! ఒకరికి కుదరని పాత్ర ఇంకొకరికి. ఎవరి బిడ్డకైనా జ్వరమొస్తే వాళ్ల బదులు మరొకరు మైకు ముందుకు. రోజూ ఎవరో ఒకరు కొత్తగా చేరేవారు. లోపల నేను చెబుతుంటే బయట నా పాపను ఎత్తుకుని తిప్పింది మంజులక్కే.

ఒకసారి, డబ్బింగ్ వాళ్లను కుదిర్చే ఒక కోఆర్డినేటర్ ఫోన్ చేసి, హీరోయిన్‌కి డబ్బింగ్ చెప్పాలి, మంజుల నంబర్ ఇవ్వండి అన్నారు. పాప పుట్టాక అందరూ నన్ను మరిచిపోతున్నారని భయం. నిజమే. కానీ భయపడ్డ ప్రతివాళ్లూ అబద్ధమాడతారా?

"ఆవిడ గొంతు పోయిందండీ, డాక్టర్ అరవొద్దన్నారట," అన్నాను.

ఆ పాత్ర నాకొచ్చింది. మా పనిలో అలాంటి మాట ఎంత వేగంగా పాకుతుందో నాకు తెలియదా? ఏడుపులూ కేకలూ ఉన్న పాత్రలకు అక్కను పిలవడం మానేశారు. గుంపు సీన్లలో నలుగురితో కలిసి గొణగడమే మిగిలింది.

క్యాంటీన్‌లో ఒకరోజు నవ్వుతూనే అడిగింది.

"ఏందే, నా గొంతు పోయిందంట గద! చెప్పినోడు దొరకాలె, వాని చెవుల అరుస్త. అప్పుడు ఏది పోతదో చూద్దాం."

"వదిలెయ్యక్కా, ఎవరో గిట్టనివాళ్లు."

"నువ్వున్నవ్ గద, నాకేం ఫికర్," అని పాప బుగ్గ గిల్లింది.

నేనూ నవ్వాను. ఎలా నవ్వగలిగాను?

ఈ మధ్యాహ్నం అదే కోఆర్డినేటర్ మళ్లీ ఫోన్ చేశారు. పెద్ద పాత్ర, సినిమా అంతా అరుపులే. మంజులక్క పేరు చెప్పాను. "ఆవిడ గొంతు పోయిందన్నారుగా?" అన్నారు. "అది నేను ఆడిన అబద్ధమండీ," అన్నాను. ఆయన అక్క నంబర్ రాసుకున్నారు. నాకు మాత్రం ఒళ్లంతా తేలికై, నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

సాయంత్రం అక్క గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టింది. ఆ పాత్రకు వాయిస్ టెస్టుకు పిలిచారట. సంతోషం పట్టలేక పెద్ద కేక పెట్టింది. ఎక్కడా జీర లేదు.

ఎందుకు పిలిచారో ఆమెకు తెలియదు. అది నేనే చెప్పాలి. ఇంకా చెప్పలేదు.