ఆవిడ ఎక్కని బస్సు

డ్రైవరు గారిని డిపోలో అందరూ "పాలక్యాను" అని పిలిచేవారు. కొండ రూటులో ఆయన బస్సు నడిపితే మూత లేని క్యానులో పాలు కూడా తొణకవని పేరు. పొద్దున్నే పాలవాళ్ళు, ముందు వచ్చిన బస్సు ఖాళీగా ఉన్నా వదిలేసి, ఆయన బస్సు కోసం కాచుకునేవారు. అంత పేరున్న మనిషి బస్సులో ఒక్క మలుపైనా తిరగని మహాతల్లి ఆ ఊరు మొత్తానికి ఒక్కతే. ఆవిడ సాక్షాత్తూ ఆయన భార్య.

ఎక్కనని మొండికేసింది కాదు పాపం, ఎక్కలేకపోయింది. బస్సు మాటెత్తితే చాలు, ఆవిడకి కడుపులో తిప్పేస్తుంది. పెళ్ళైన కొత్తలో ఈయన సరదాపడి, స్టాండులో ఆగి ఉన్న బస్సులో ముందు సీట్లో కూర్చోబెట్టాడు. ఇలా ఇంజను స్టార్టు చేశాడో లేదో, అలా ఆవిడ తల కిటికీ దాకా వెళ్ళకుండానే ఆయన మీదికి వాలింది. ఆ తరువాత సంగతి ఎందుకులెండి, ఆ చొక్కా మళ్ళీ వేసుకోలేదాయన. అప్పటినుంచీ ఆవిడకి దూరమైతే రైలు, దగ్గరైతే నడక.

పైకి నవ్వేసేవాడు గానీ, ఆయన లోపల ఒక ముల్లు గుచ్చుకునే ఉండేది. ఇదంతా వంక, నా పని చూడటం ఈవిడకి ఇష్టం లేదు, ఖాకీ చొక్కా మొగుడంటే చిన్నతనం అని ఆయన అనుమానం. ఆ అనుమానంతోనే ఉద్యోగమంతా గడిచిపోయింది, రిటైరూ అయ్యాడు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, భార్య పక్కన కూర్చుని తను బస్సు నడపడం చూస్తే చాలనుకునేవాడు. ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

చెప్పకపోతే మాత్రం కూతురికి తెలియదా? రక్తపరీక్షల ల్యాబులో పనిచేసే పిల్ల, మనుషుల లోపలి సంగతి కనిపెట్టడమే దాని ఉద్యోగం. తను కాలేజీలో చదివేటప్పుడు వాడి, మూలన పడేసిన కంప్యూటరుకి దుమ్ము దులిపి, అందులో బస్సు నడిపే ఆటొకటి ఎక్కించింది. ల్యాబులో ఎవరి దగ్గరో వాడేసిన కంప్యూటరు ఆటల స్టీరింగూ పెడళ్ళూ పట్టుకొచ్చింది.

"నాన్నా, ఇందులో డీజిలు వాసన రాదు. కొండ రోడ్డు కూడా ఉంది. అమ్మని కూర్చోబెట్టుకుని ఎక్కించెయ్!" అంది.

ఇంకేముంది, ఆయన చంకలు గుద్దుకున్నాడు! భార్యని కుట్టుమిషను ముందునుంచి లేపి, ఆవిడ స్టూలుతో సహా తెచ్చి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. బస్సు కదిలింది. కదిలి, బిగుసుకుపోయింది. మళ్ళీ ఒక్క గెంతు గెంతింది. చెట్టు దగ్గర ఆగి, చెట్టు దాటాక ప్రత్యక్షమైంది. మూడో మలుపులో ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని సింకు దగ్గరికి పరుగు తీసింది.

"ఏమండీ, మీ బస్సు ఇంట్లో కూర్చున్నా వదలదా నన్ను!" అని అక్కడినుంచే కేకేసింది.

ఆయన మొహం కందగడ్డయింది. తన చేతిలో బండి కుదపడమా! ఉద్యోగంలో ఉండగా ఒక్కరూ అనలేదే ఆ మాట!

తప్పు తన చేతిది కాదు, పెట్టెదే అని తేల్చుకుని, మర్నాడు కంప్యూటరుని ఒళ్ళో పెట్టుకుని ఆటోలో బయలుదేరాడు. పాత కంప్యూటర్లు విప్పి ముక్కలుగా అమ్మే షాపొకటి ఉంది. షాపతను మూత విప్పి లోపలికి తొంగి చూశాడు.

"బాబాయ్, ఇందులో పిచ్చుకలు గూడు పెట్టలేదు, అదే గొప్ప," అన్నాడు.

"కొత్తది కొనాలంటావా?"

"ఎందుకు దండగ? దీనికి ఇంకా ప్రాణం ఉంది. ముందు ఈ దుమ్ము ఊది, ప్రాసెసరు మీద ఎండిపోయిన పేస్టు మారుద్దాం. వేడెక్కితే నీరసపడుతుందది. ఈ పాత హార్డ్ డిస్కు తీసి ఎస్సెస్డీ వేస్తే చకచకా లేస్తుంది. ర్యామ్ ఒంటరిగా ఉంది, దానికి జత కలుపుదాం. బొమ్మ గీయడానికి ఒక చిన్న గ్రాఫిక్స్ కార్డు, వాడిందే, శుభ్రంగా పనిచేస్తుంది. చాలు."

డ్రైవరు గారికి ప్రాణం లేచొచ్చింది. ఇది గ్యారేజీలో వినే మాటే కదా! ఇంజను మంచిదే, రేడియేటరు కడగాలి, ఫిల్టరు మార్చాలి, అంతేగా! స్టూలు లాక్కుని కూర్చుని, ఒక్కో స్క్రూ తిప్పుతుంటే కళ్ళార్పకుండా చూశాడు. ఫ్యాను గిర్రున తిరిగేసరికి "స్టార్టయింది, స్టార్టయింది!" అని ఆయన అరిచిన అరుపుకి పక్కనున్న చెప్పుల షాపులోంచి మనుషులు బయటికొచ్చారు.

ఇంటికొచ్చాక ఆయన చేసిన ఘనకార్యం వినండి. ఆట సెట్టింగుల్లో నీడలు ఎంత? ఫుల్లు. ఆకులు? ఫుల్లు. వాన? అదీ ఫుల్లే. ఉన్న మీటలన్నీ చివరిదాకా తోసేశాడు. డ్రైవరు బుద్ధి, బండికి ఎంత దమ్ముంటే అంతా చూడాలి. తిన్నటి రోడ్డు మీద బస్సు గాల్లో తేలింది. మలుపు తిరిగి అడవి కనబడగానే మళ్ళీ అదే గెంతు.

సాయంత్రం కూతురు వచ్చి చూసి నెత్తి కొట్టుకుంది.

"నాన్నా, కాసేపు వేగంగా, కాసేపు మెల్లగా బొమ్మలు వస్తుంటే కుదుపు రాక ఏమొస్తుంది? ఈ నీడలూ వానా తగ్గించేద్దాం. సెకనుకి ముప్పై బొమ్మలు దాటకుండా లాక్ వేద్దాం. అప్పుడు ఎక్కడైనా ఒకే తీరుగా వెళ్తుంది."

లాక్ అన్న మాట చెవిన పడగానే ఆయన ఒంటికాలి మీద లేచాడు. "నా బండికి స్పీడ్ లాకా! వీల్లేదు!"

ఎందుకంత కోపమంటే, పూర్వం డిపోలో ఆయన బస్సుకి స్పీడ్ లాక్ బిగించారు. మేనేజరు గదిలోకి వెళ్ళి దెబ్బలాడి, ఓడిపోయి, ఇంటికొచ్చి అన్నం మానేసి పడుకున్నాడు. నా చెయ్యి మీద నమ్మకం లేదా అన్నది ఆయన బాధ. చెట్టంత మనిషి చంటిపిల్లాడిలా అలిగాడని ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

"సరే నాన్నా, ఒక్కటి చెప్పు. నీకు బండి పరిగెత్తాలా, అమ్మ ఎక్కాలా?" అంది కూతురు.

ఆయన తెర వైపు చూశాడు, మిషను చప్పుడు వస్తున్న గది వైపు చూశాడు.

"వెయ్యి లాకు," అన్నాడు.

ఆదివారం పొద్దున్న భార్యని బతిమాలి, గడ్డం పుచ్చుకుని, కాళ్ళొక్కటే పట్టుకోకుండా తీసుకొచ్చి కూర్చోబెట్టాడు. "దిగుతానంటే ఆ క్షణమే ఆపేస్తానే," అని మాటిచ్చాడు. కూతురు వెనక నిలబడి తలుపు మీద కొట్టి "రైట్, రైట్!" అని అరిచింది.

బస్సు కదిలింది. ఆవిడ కళ్ళు గట్టిగా మూసుకుంది. ఒక మలుపు తిరిగింది, ఇంకో మలుపు తిరిగింది. ఏమీ కాకపోయేసరికి ఒక కన్ను తెరిచింది, తరువాత రెండోది.

"అదేంటండీ, మలుపు అంత దూరం ఉండగానే తగ్గించేశారు?"

"వెనక నిలబడ్డవాళ్ళుంటారు కదే, తూలిపోరూ?"

"బస్సులో ఎవరూ లేరుగా!"

"ఉన్నారనే నడపాలి."

ఆవిడ ఇక తెర చూడలేదు, ఆయన్నే చూసింది. గుంత వస్తే భుజం దానంతటదే ముందుకు వంగడం, స్టాపు వస్తే "మెల్లగా దిగండమ్మా" అని లేని ముసలమ్మతో చెప్పడం, అన్నీ చూసింది. బస్సు కొండ మీదికి చేరేసరికి కూతురు చప్పట్లు కొట్టి గది అదరగొట్టేసింది.

"రోజూ ఇలాగే నడిపేవారా?" అంది ఆవిడ.

"ఇలాగే."

"ఎంత బాగా నడుపుతారండీ!"

ఆయనకి కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆనందం పట్టలేక లేని హారన్ని నోటితోనే పాం పాం అని మోగించాడు. ఆవిడ కొంగు దోపుకుంది.

"లేవండి. దిగేటప్పుడు నేను నడుపుతాను."

ఇన్నేళ్ళు మిషను తొక్కిన కాలు! పెడలు మీద వేసిందంటే తియ్యడం లేదు. బస్సు కొండ మీదినుంచి దొర్లుతున్నట్టే దిగుతోంది, రెయిలింగుని ఇటు గీకింది, అటు గీకింది. ఆవిడ పకపకా నవ్వుతోంది. "బ్రేకు, బ్రేకే!" అని అరుస్తూ ఆయన స్టూలు అంచులు పట్టుకున్నాడు. జీవితంలో ఎప్పుడూ పక్క సీట్లో కూర్చోని మనిషి! ముచ్చెమటలు పట్టాయి. మలుపు తరువాత మలుపు, కడుపులో ఏదో గిర్రున తిరిగింది. లేచి సింకు దగ్గరికి ఒకటే పరుగు.

ఆవిడ ఆట ఆపి వెనకే వచ్చి, నవ్వు ఆపుకోలేక, వీపు రాసింది. ఆయన తలెత్తలేదు.

"ఇన్నాళ్ళూ నువ్వు నాటకమాడుతున్నావనుకున్నానే," అన్నాడు.

"అనుకుంటున్నారని నాకు తెలుసు," అంది ఆవిడ, గ్లాసుతో నీళ్ళందిస్తూ. "నోరు పుక్కిలించి రండి. ఇంకా సగం కొండే దిగాం."