వైవాలో చప్పట్లు

బందరులో ఇంజినీరింగ్ చదివేటప్పుడు కంట్రోల్ సిస్టమ్స్ ల్యాబ్‌లో ఒకసారి తప్పాను. ఈసారీ తప్పితే డిగ్రీ చేతికి రాదు. వైవాలో ఎగ్జామినర్ గారు, "ఫీడ్‌బ్యాక్ ఆలస్యంగా అందితే ఏమవుతుందమ్మా?" అన్నారు. లోలోపల ప్రార్థించాను. దివిసీమలో మా ప్రార్థన కూడికల పందిరి కళ్లముందు మెదిలింది.

"మా కూడికల్లో వెనకవాళ్ల చప్పట్లు ఆలస్యంగా వినిపిస్తాయండీ. డోలక్ అన్నయ్య వాటికోసం వేగం తగ్గిస్తాడు. అది విని వాళ్లు ఇంకా తగ్గిస్తారు. పాట ఈడ్చుకుంటూ పోద్దండీ."

"ఏదీ, పాడమ్మా!"

సిగ్గుతో చచ్చిపోతూనే చప్పట్లు కొడుతూ పాడాను. గుమ్మం దగ్గర స్నేహితురాళ్లు పగలబడి నవ్వారు.

"మరి సరిచేసేదెలా?"

"చప్పట్లు వినకుండా, తాళం వేసే తన చెయ్యి చూసి వాయించమంటారండీ పాస్టరమ్మ గారు."

"పాసయ్యావు, వెళ్లు!" అన్నారాయన నవ్వుతూ.

ఇప్పుడు గుడివాడ కాలేజీలో ఆ పాఠం చెప్పినప్పుడల్లా చప్పట్లు కొట్టి చూపిస్తాను. ఆ రోజు నేనడిగిన సాయం దేవుడు చిన్నప్పుడే మా పందిట్లో ఇచ్చి ఉంచాడు.