పెండ లారీ పెద్దనాయన

మా పెద్దనాయన పోయాడు. వికారాబాద్‌లో పొద్దున్నే నేను వాకిట్లో పేడనీళ్ల సానిపి చల్లుతుంటే, మా ఊరి మనిషి రైలు దిగి వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. అడగకముందే అర్థమైంది. పెండ పేరెత్తితే మా వైపు అందరికీ గుర్తొచ్చేది ఆయనే. చేతిలో పెండనీళ్ల బకెట్టుతోనే నేను ఆ కబురు విన్నాను.

ధాన్యం అమ్ముకోవడానికి తాండూరు గంజ్‌కు పోయే మీలో చాలామంది ఆయన లారీని చూసే ఉంటారు. నెత్తిన ఉబ్బిన పెద్ద సంచి, కింద కందుల బస్తాలు. చూసి నవ్వే ఉంటారు. నవ్వినవాళ్లను ఆయన ఒక్క మాట అనలేదు.

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఆయన బొగ్గు గ్యాస్‌తో నడిచే బస్సు నడిపాడు. తర్వాత మిలిటరీ వేలంలో ఒక పాత లారీ కొన్నాడు. బొగ్గుతో నడిచిన బండి పెండతో ఎందుకు నడవదని పట్టుబట్టాడు. కొట్టం వెనక గుంత తవ్వించి, నాపరాళ్లతో కట్టించి, పైన ఇనుప డ్రమ్ము బోర్లించాడు. పెండ కలిపి పోస్తే గ్యాస్ పుట్టి డ్రమ్ము పైకి లేచేది. దాన్ని రబ్బరు పూసిన సంచిలోకి ఎక్కించి, ఇంజనుకు గొట్టం పెట్టాడు. “పెండ పండిచ్చిన గింజను పెండనే బజారుకు మొయ్యాలె” అనేవాడు.

పిడకలకు పెండ మిగలక పెద్దమ్మ కట్టెల పొయ్యితో అవస్థ పడేది. తన పొయ్యి కన్నా లారీ పొయ్యే పెద్దనాయనకు ముద్దని నాతో అనేది. ఊళ్లోవాళ్లది వేరే భయం. గ్యాస్ తీసిన పెండలో సారం ఉండదని, చేనుకు పనికిరాదని ఎవరూ ఒక్క గంప ఇచ్చేవాళ్లు కాదు. “మండేది నేను తీస్కున్న, మన్ను తినేది మీకే ఉంచిన” అని ఇంటింటికీ తిరిగి చెప్పాడు. చివరికి ఆ పెండను తన చేనుకే పోసుకున్నాడు. జొన్న మనిషెత్తు పెరిగింది. అప్పటికి ఇద్దరు ముగ్గురు పెండ ఇవ్వడానికి కదిలారు.

ఒక దసరా నాడు లారీ కడిగి, పసుపు కుంకుమ పెట్టి, బంతిపూలు కట్టాం. పెద్దమ్మ కర్పూరం వెలిగించి హారతి తెచ్చింది. బండికి హారతి ఇవ్వడం అలవాటే కదా, ఎవరికీ అనుమానం రాలేదు. గొట్టం దగ్గర గ్యాస్ కారుతోంది. భగ్గుమని సంచి మొత్తం పోయింది, పెద్దనాయన కనుబొమ్మలు మాడాయి. పెద్దమ్మ వణికిపోతుంటే, దేవునికి హారతి గట్టిగానే అందిందని ఆయన నవ్వాడు. తర్వాత ఎన్నడూ ఆ మాట ఎత్తి ఆమెను దెప్పలేదు. అంత మంచి మనిషి ఇంత తొందరగా పోవడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

పెట్రోల్ ముట్టకుండా, నిండు బస్తాలతో గంజ్ గేటు దాటాలని ఆయన పంతం. ప్రతిసారీ తాండూరు కనబడే చోటికి వచ్చేసరికి సంచి చప్పబడేది. దిగి పెట్రోల్ కుళాయి తిప్పేవాడు. ఆ కాసేపు ఎవరి మొహమూ చూసేవాడు కాదు.

ఈ చలికాలం గ్యాస్ తక్కువ పుట్టింది. రోజుల తరబడి కాచుకుని సంచి బిగువుగా నింపాడు. బస్తాలెత్తించాడు. తెల్లారితే ప్రయాణం. ఆ రాత్రే మంచం మీద గుండె ఆగిపోయింది.

నేను తాండూరులో రైలు దిగి బండి కట్టించుకుని ఊరికి పోతుంటే, దారిలో ఆ లారీ ఎదురొచ్చింది. నడుపుతున్నది మా బాపు, నన్ను కన్న తండ్రి, పెద్దనాయన తమ్ముడు. ఏడుస్తూ నడుపుతున్నాడు. నన్ను చూశాడు గాని ఆపలేదు.

ఇంటికి పోయాక తెలిసింది. శవం ముందు వాకిట్లో నిప్పు పెట్టాలి కాబట్టి సంచిలో గ్యాస్ వదిలేయమన్నారట పెద్దలు. పెద్దమ్మ అడ్డం నిలబడింది. “ఆయన నింపింది గాలికి పోనియ్య. గంజ్‌కు తీస్కపో మరిది. నువ్వొచ్చేదాక చితికి నిప్పంటియ్యరు” అని మా బాపును పంపిందట. చావింట్లోంచి సరుకు బండి కదలడమేమిటని చుట్టాలు గొణిగినా ఆమె వినలేదు.

మా బాపు ఇంకా రాకున్నా, పొద్దు పోతోందని పాడె ఎత్తారు. సగం దారిలో దింపుడు కల్లం దగ్గర దించారు. అక్కడ అయినవాళ్లు చెవిలో మూడుసార్లు పిలుస్తారు, పోయిన ప్రాణం తిరిగొస్తుందేమోనని. అప్పుడే మా బాపు రొప్పుకుంటూ పరుగెత్తుకొచ్చాడు. చెవి దగ్గర వంగాడు.

“అన్నా, గంజ్ గేటు దాటిన. పెట్రోల్ ముట్టలే.”

మూడుసార్లూ ఆ మాటే చెప్పాడు. ఈ మాటకైనా లేస్తాడేమోనని మేమంతా వంగి చూశాం. పెద్దమ్మ ఆయన మొహం మీద వాలిన ఈగను కొంగుతో తోలి, ఇంకా చూస్తూనే ఉంది.